దసరా సెలవులు అయిపోతున్నాయి, హాస్టల్‌కు తిరిగి వెళ్లాలని లేదు

ప్రశ్న: మేడమ్, మాది పత్తికొండ దగ్గర పల్లె. జెడ్పీ హైస్కూల్లో చదివి టెన్త్‌లో 600కి 572 తెచ్చుకున్నా. మా నాయన టమోటా, ఉల్లి వేస్తాడు. నన్ను కర్నూల్లో ఒక పెద్ద కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఎంపీసీ, ఐఐటీ బ్యాచ్‌లో చేర్పించినాడు. ఫస్టియర్‌లో 470కి 431 వచ్చాయి. కానీ వీక్లీ టెస్టుల్లో మాత్రం 260 మందిలో ఎప్పుడూ 200 తర్వాతే. సీనియర్ ఇంటర్‌కు రాగానే కింది సెక్షన్‌కు మార్చినారు. ఆదివారం టెస్టు అయితే సోమవారం స్టడీ అవర్లో చివరి 20 మందిని నిలబెట్టి మార్కులు చదువుతారు. ఉదయం 5 గంటలకు లేచి రాత్రి 11 దాకా చదువుతా. లైట్లు ఆర్పేశాక బాత్రూమ్‌ల దగ్గర వెలుతురులో కూర్చుంటా. చదివితే అర్థమవుతుంది, టెస్టులో మాత్రం రాదు. దసరాకు ఇంటికొచ్చినా. ఆదివారం తిరిగి వెళ్లాలంటే కడుపులో తిప్పుతోంది. మానేసి పత్తికొండలో గవర్నమెంట్ కాలేజీలో చేరనా? ఈసారి టమోటాకు రేటు లేదు, నా ఫీజుకు నాయన వడ్డీకి తెచ్చినాడు. ఆయనకు ఎట్ల చెప్పాల? కర్నూల్లో మా పిన్ని వాళ్లుంటారు గానీ వాళ్లకు కూడా ఏమీ చెప్పలేదు. టెన్త్ అయినప్పుడే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి అప్లై చేసింటే బాగుండేదని రోజూ అనుకుంటా. పేరు వేయొద్దు మేడమ్.

సమాధానం:

తల్లీ, ముందు సూటిగా చెప్పేస్తా, వివరాలు తర్వాత. కాలేజీ మానొద్దు. ఐఐటీ మానెయ్. ఈ రెండూ ఒకటే అన్నట్టు నీ బుర్రలో కూర్చోబెట్టారు గానీ ఒకటి వదిలేసి రెండోది బ్రహ్మాండంగా పూర్తి చేయొచ్చు, ఏటా వేల మంది చేస్తున్నారు కూడా, వాళ్ల ఫొటోలు ఫ్లెక్సీల మీద పడవు కాబట్టి నీకు కనిపించరు అంతే.

నీ ఉత్తరంలో నాకు వింతగా అనిపించింది ఒకటుంది. 470కి 431 అన్నావు. అంటే 91 శాతం పైన. ఆ ముక్క ఒక్క వాక్యంలో చెప్పేసి, మిగతా ఉత్తరమంతా వీక్లీ టెస్టు ర్యాంకు గురించే రాశావు. ఇంటర్మీడియట్ బోర్డు పెట్టిన పరీక్ష, మెమోలో జీవితాంతం ఉండే మార్కులు, వాటిలో నువ్వు బాగా చేశావు. కాలేజీ వాళ్లు జేఈఈ అడ్వాన్స్‌డ్ (ఐఐటీ సీట్లకు రాసే పరీక్ష) ప్యాటర్న్‌లో పెట్టుకునే సొంత పరీక్షలో వెనకబడ్డావు, దాని మార్కులు ఏ సర్టిఫికెట్ మీదా రావు. వెనకబడటం నిజమే, దాన్ని కొట్టిపారేయను, ఎందుకు వెనకబడ్డావో కిందకి వచ్చాక మాట్లాడుకుందాం. కానీ "నేను చదువులో ఫెయిల్" అని నువ్వు వేసుకున్న లెక్క తప్పు.

కాలేజీ వాళ్ల లెక్క వేరు. వాళ్లకు కావాల్సింది వచ్చే జూన్‌లో ఒకటి, ఒకటి, రెండు, మూడు అని గుక్క తిప్పుకోకుండా చదివే ప్రకటనకు సరిపడా ర్యాంకులు. మీ నాయన మార్కెట్‌కు తెచ్చిన టమోటాను సైజును బట్టి వేరు చేసినట్టు మిమ్మల్ని సెక్షన్లుగా వేరు చేస్తారు. మంచి లెక్చరర్లు, డౌట్ క్లాసులు పై సెక్షన్‌కు, ఫీజు మాత్రం కింది సెక్షన్‌కూ దాదాపు అంతే. ఇది తప్పా ఒప్పా అని వాదించడానికి నాకు చాలా ఓపిక ఉంది గానీ నీకు టైమ్ లేదు. ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్, ఆ వెనకే థియరీ. అందుకని వాళ్ల టైంటేబుల్‌లో ఉంటూనే నీ సొంత టైంటేబుల్ నువ్వు నడుపుకోవాలి. నేను చెప్పబోయేదంతా దాని గురించే.

ఐఐటీ ఎందుకు వదిలేయమంటున్నానో అంకెలు చూడు. జేఈఈ మెయిన్ దేశమంతా కలిపి పది లక్షల మందికి పైగా రాస్తారు, అందులో పైన వచ్చిన రెండున్నర లక్షల మందే అడ్వాన్స్‌డ్‌కు అర్హులు, 2025లో అన్ని ఐఐటీల్లో కలిపి ఉన్న సీట్లు 18 వేల పైచిలుకు. ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సుల్లో కూర్చున్న పిల్లలతో నీ పోటీ. నువ్వు ఆ పుస్తకాలను మొదటిసారి చూసింది జూనియర్ ఇంటర్‌లో. ఇంకో రెండేళ్లు టైముంటే నువ్వూ చేయగలవు, ఆ అనుమానం నాకు లేదు. అయిదు నెలల్లో, నాలుగున్నర గంటల నిద్రతో, సోమవారం సోమవారం నిలబడుతూ చేయగలవా అంటే మాత్రం కష్టమే అంటాను. ఆ కష్టం కోసం చేతిలో ఉన్నదాన్ని పాడు చేసుకోవద్దు.

చేతిలో ఉన్నదేమిటంటే ఏపీ ఈఏపీసెట్. మనమింకా ఎంసెట్ అనే అంటాం, పేరు మారి ఏళ్లయినా. 160 ప్రశ్నలు, మూడు గంటలు, మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. నెగెటివ్ మార్కులు లేవు. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలకు ఒక్కోటి నాలుగు మార్కులు, తప్పు రాస్తే ఒకటి పోతుంది, అక్కడ ఒక్కో లెక్కను రెండు మూడు వైపుల నుంచి తిప్పి అడుగుతారు. ఎంసెట్‌లో ప్రశ్న సూటిగా ఉంటుంది గానీ ఒక్కోదానికి నిమిషం మీద కొన్ని సెకన్లే దొరుకుతాయి. ఇది వేరే ఆట, ఇంటర్ సిలబస్ గట్టిగా వచ్చి చెయ్యి వేగంగా ఆడేవాళ్ల ఆట.

ర్యాంకు వేసేటప్పుడు ఎంసెట్ మార్కులకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకు 25 శాతం వెయిటేజీ. గ్రూపు సబ్జెక్టులంటే నీ మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, రెండేళ్లకు ప్రాక్టికల్స్‌తో కలిపి 600. ఇంగ్లీషు, సంస్కృతం ఇందులో లెక్కకు రావు. ఒక చిన్న లెక్క వేసి చూపిస్తా, కాగితం మీద నువ్వూ వేసుకో: ఇంటర్‌లో 600కి 24 మార్కులు పెరిగితే ఫైనల్ స్కోర్‌లో 1 పెరుగుతుంది, ఎంసెట్‌లో రెండు ప్రశ్నలు అదనంగా కరెక్టయినా దాదాపు అంతే పెరుగుతుంది. అంటే ఇంటర్‌లో ఒక్కో మార్కు కోసం ప్రాణం పెట్టేవాళ్లు కొంచెం ఆలోచించుకోవాలి. నీకు సీనియర్ ఇంటర్ గ్రూపులో 330కి 300 దాకా వస్తే చాలు, ఆ తర్వాత 310 చేయడానికి పడే కష్టాన్ని స్పీడ్ ప్రాక్టీసు మీద పెడితే ఎక్కువ లాభం. థియరీ పరీక్షలు అయిపోయాక మే నెలలో జరిగే ఎంసెట్ దాకా దొరికే వారాలున్నాయే, అవే నీకు బంగారం, అందరూ అలసిపోయి ఉండే టైమ్ అది.

ఇంకో రెండు సంగతులు మీ కాలేజీలో చెప్పి ఉండరు. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకే. నువ్వు ఎస్వీ యూనివర్సిటీ ఏరియా లోకల్, అంటే మన రాయలసీమ జిల్లాలు, నెల్లూరు కలిపి. పైగా ప్రతి కేటగిరీలోనూ అమ్మాయిలకు మూడో వంతు సీట్లున్నాయి. వీటిని కలిపి చూస్తే అనంతపురం జేఎన్‌టీయూ, పులివెందుల జేఎన్‌టీయూ, కర్నూల్లోనే ఉన్న పుల్లారెడ్డి ఇంజనీరింగ్ కాలేజీ నీకు అందనంత ఎత్తులో ఏమీ లేవు. అనంతపురం కాలేజీ 1946 నాటిది, మన సీమలో ఎందరో ఇంజనీర్లు అక్కడ చదివి వచ్చినవాళ్లే. కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో కిందటేడు ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో కేటగిరీల వారీగా ఉంటుంది. సెలవులు అయిపోయేలోపు మీ నాయన ఫోన్లోనే అది తెరిచి, నీ కేటగిరీలో అమ్మాయిల ఆఖరి ర్యాంకులు ఒక కాగితం మీద రాసిపెట్టుకో. తర్వాత పనికొస్తుంది.

జేఈఈ మెయిన్ మాత్రం రాయి. వదిలేయమన్నది అడ్వాన్స్‌డ్ మీది ఆశను. మెయిన్ జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి ఉంటుంది, రెంటిలో ఏది మెరుగైతే అది తీసుకుంటారు. కర్నూలు పక్కన జగన్నాథగట్టు మీద ఉన్న కేంద్ర ప్రభుత్వ కాలేజీ ట్రిపుల్ ఐటీ డీఎంలో (ఇడుపులపాయది వేరు) సీట్లు మెయిన్ ర్యాంకుతోనే ఇస్తారు. వస్తే వచ్చింది. దానికోసం విడిగా చదవద్దు.

ఇక అసలు సంగతి. "చదివితే అర్థమవుతుంది, టెస్టులో మాత్రం రాదు" అని రాశావు చూడు, ఆ ఒక్క వాక్యం మీదే నేను ఎక్కువ మాట్లాడాలి. ఈ మాట అనే పిల్లల్లో నూటికి తొంభై మంది కష్టపడే పిల్లలే, వాళ్ల కష్టం వేరేచోట ఖర్చవుతోంది. లెక్చరర్ బోర్డు మీద చేస్తుంటే ప్రతి స్టెప్పూ అర్థమవుతుంది, నోట్సు చదువుతుంటే ఇంకా బాగా అర్థమవుతుంది. కానీ ఆ లెక్క పైన "ఇంటిగ్రేషన్ బై పార్ట్స్" అని హెడ్డింగ్ ఉంది కదా, ఏ పద్ధతిలో చేయాలో నీకు ముందే తెలిసిపోయింది, మిగిలింది లాగించడమే. టెస్టులో ఆ హెడ్డింగ్ ఉండదు. సబ్‌స్టిట్యూషనా, పార్ట్సా, పార్షియల్ ఫ్రాక్షన్సా అన్నది నువ్వే తేల్చుకోవాలి. నీకు రాని పని అదొక్కటే, ఎందుకంటే దాన్ని నువ్వెప్పుడూ ప్రాక్టీసు చేయలేదు. చేయించనూ లేదు.

కాబట్టి రోజూ రాత్రి స్టడీ అవర్లో ఒక అరగంట ఇలా చెయ్. సీనియర్ ఇంటర్ మ్యాథ్స్ రెండు పేపర్లు 2ఏ, 2బీ మెటీరియల్‌లో వేర్వేరు చాప్టర్ల నుంచి ఒక ఇరవై లెక్కలు కలగాపులగంగా ఎంచుకో, సర్కిల్స్ నుంచి రెండు, డిమాయివర్ నుంచి రెండు, ప్రాబబిలిటీ, పర్ముటేషన్స్, డెఫినిట్ ఇంటిగ్రల్స్, అలా. ఏదీ పూర్తిగా చేయొద్దు. ఒక్కోదానికి మొదటి లైన్ మాత్రమే రాయి, ఇది ఏ పద్ధతి, ఏ ఫార్ములాతో మొదలవుతుంది అని. తర్వాత సొల్యూషన్ తీసి మొదటి లైన్ సరిపోయిందా లేదా చూసుకో. మొదటి వారం సగానికి సగం తప్పుతాయి, గాబరా పడొద్దు. మూడు నాలుగు వారాలకు ప్రశ్న చూడగానే చెయ్యి దానంతట అదే మొదలుపెడుతుంది. ఎంసెట్‌లో నిమిషానికో ప్రశ్న చేయాలంటే కావాల్సింది ఇదే.

రెండోది తప్పుల నోట్సు. మీ కాలేజీలో ఎర్రర్ లిస్ట్ రాయిస్తారు, నాకు తెలుసు, మీరందరూ సొల్యూషన్ కాపీ చేసి సంతకం పెట్టించుకుంటారు, అదీ తెలుసు. అది కాలేజీ కోసం రాసుకో. నీ కోసం వేరే చిన్న పుస్తకం పెట్టు. టెస్టు అయిన సాయంత్రమే, ర్యాంక్ షీట్ అంటించకముందే, పేపర్ ముందేసుకుని తప్పిన ప్రతి ప్రశ్న పక్కన మూడింట్లో ఒక మాట రాయి: తెలియదు, తొందర, టైమ్. అసలు ఆ కాన్సెప్టే రాకపోతే తెలియదు. వచ్చి కూడా మైనస్ పోగొట్టుకుంటేనో ప్రశ్న సరిగ్గా చదవకపోతేనో తొందర. దాని దాకా వెళ్లలేకపోతే టైమ్. ఒక నెల టెస్టులు అయ్యాక లెక్కబెట్టు. "తెలియదు" ఎక్కువుంటే అవి ఏ రెండు మూడు చాప్టర్ల నుంచి వస్తున్నాయో కనిపిస్తుంది, సాధారణంగా అన్నీ ఒకే చోట పోగై ఉంటాయి. "తొందర" ఎక్కువుంటే ఇంకా ఎక్కువ చదవడం వల్ల ఏమీ మారదు, రాసే పద్ధతి మార్చాలి. 260 మందిలో ఎన్నోదానివో ర్యాంక్ షీట్ చెబుతుంది, రేపు ఏం చదవాలో మాత్రం చెప్పదు. ఈ పుస్తకం చెబుతుంది.

బోర్డు పేపర్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, నువ్వు అందులో గట్టిదానివే. 2025-26లో సీనియర్ ఇంటర్ రాసే నీ బ్యాచ్‌కు మ్యాథ్స్ 75 మార్కుల పేపర్లో రెండు మార్కుల ప్రశ్నలు పది, వాటికి ఛాయిస్ లేదు, అన్నీ రాయాలి, అందుకే జారిపోయే మార్కులు ఎక్కువగా అక్కడే. నాలుగు మార్కులవీ ఏడు మార్కులవీ ఒక్కో సెక్షన్‌లో ఏడింటిలో అయిదు రాస్తే చాలు. ఫిజిక్స్, కెమిస్ట్రీలో ఎనిమిది మార్కుల ప్రశ్నలు మూడింటిలో రెండే. జనవరి నుంచి రోజుకో పాత పేపర్, టైమ్ పెట్టుకుని, పెన్నుతో, పూర్తిగా రాయి. నోటితో అప్పజెప్పుకోవడం లెక్కలోకి రాదు. ప్రాక్టికల్స్ 60 మార్కులను చిన్నచూపు చూడొద్దు, అవీ ఆ 600లోవే.

భాష సంగతి నువ్వు రాయలేదు గానీ నేనే అడుగుతున్నా, ఫిజిక్స్ థియరీ నీకు ఇబ్బందిగా ఉందా? మీ స్కూలు పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉండేవి కదా, సార్లు తెలుగులో చెప్పి ఇంగ్లీషులో రాయించేవాళ్లు. ఇక్కడ ఒక్కసారిగా ఆ తెలుగు పేజీ మాయమైపోయింది. ఇడుపులపాయలోనైనా, మన జిల్లా బనవాసి గురుకుల కాలేజీలోనైనా జెడ్పీ స్కూళ్ల నుంచి వెళ్లిన పిల్లలకు మొదటి ఏడాది ఎదురయ్యే ఇబ్బంది ఇదే. తెలుగు అకాడమీ వాళ్ల తెలుగు మీడియం ఫిజిక్స్ పుస్తకం పాత పుస్తకాల షాపులో దొరుకుతుంది, కొత్తదైనా మీ మెటీరియల్ ధరతో పోలిస్తే ఎంతో కాదు. ఎలక్ట్రోమాగ్నెటిక్ ఇండక్షనో సెమీకండక్టర్లో కొరుకుడు పడకపోతే ముందు తెలుగులో ఒకసారి చదివి, ఆ వెంటనే ఇంగ్లీషులో నీ సొంత మాటల్లో అయిదారు లైన్లు రాయి. ఎవరైనా నవ్వితే నవ్వనీ.

డౌట్ అడగడానికి భయపడుతున్నావని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. "సార్, అర్థం కాలేదు" అంటే వాళ్లూ విసుక్కుంటారు, రోజుకు వంద మంది అదే మాట అంటారు మరి. పుస్తకం చేతిలో పట్టుకుని "సార్, ఈ మూడో లైన్ నుంచి నాలుగో లైన్‌కు ఎలా వచ్చింది" అని వేలు పెట్టి చూపించు. అలా అడిగిన పిల్లను తిప్పి పంపే లెక్చరర్ దాదాపుగా ఉండడు.

బాత్రూమ్‌ల దగ్గర కూర్చోవడం ఆపెయ్. బతిమాలడం లేదు, కచ్చితంగా చెబుతున్నా. పగలు చదివింది మెదడులో నిలబడేది నిద్రలోనే, ఆ నిద్రను కోసి చదువుకు అతికిస్తే రెండూ పోతాయి. నువ్వు చేస్తున్న "తొందర" తప్పుల్లో సగం నిద్ర చాలక చేస్తున్నవే అయ్యుంటాయి. 10:30కు పడుకో. ఆ పక్క బెడ్ అమ్మాయి ఇంకా చదువుతోందనా? చదువుకోనీ.

సోమవారం నిలబెట్టడం గురించి. అది క్రమశిక్షణ అని వాళ్లు చెప్పుకుంటారు, అవమానించడం అని నేనంటాను, సుప్రీంకోర్టు కూడా ఇంచుమించు అదే అంది. విశాఖపట్నంలో చదువుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జులైలో ఇచ్చిన తీర్పులో విద్యాసంస్థలకు మార్గదర్శకాలు పెట్టింది: మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడగొట్టకూడదు, అందరి ముందు అవమానించకూడదు, వాళ్ల శక్తికి మించిన టార్గెట్లు పెట్టకూడదు, వంద మంది, అంతకు మించి పిల్లలున్నచోట కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. ఇది నువ్వు వెళ్లి ప్రిన్సిపాల్ ముందు చదవక్కర్లేదు, పదిహేడేళ్ల పిల్లవి, నీ మీద ఆ భారం పెట్టను. మీ నాయన వెళ్లాలి. గొడవగా అక్కర్లేదు, నెమ్మదిగా "సార్, మా పాప మార్కులు మీరు మాకు చెప్పండి, అందరి ముందు నిలబెట్టి చదవొద్దండి" అంటే చాలు. ఫీజు కట్టే తండ్రి ఎదురుగా కూర్చుని అడిగితే వాళ్ల గొంతు మారుతుంది. వినకపోతే అప్పుడు ఆ తీర్పు మాట ఎత్తాలి.

పత్తికొండ గవర్నమెంట్ కాలేజీ సంగతి. దాన్ని తక్కువ చేసి మాట్లాడను, అక్కడ చదివి పైకొచ్చినవాళ్లు నాకు చాలా మంది తెలుసు. కానీ సీనియర్ ఇంటర్ సగంలో మారడమంటే టీసీ, అడ్మిషన్ మార్పు, హాజరు, పరీక్ష ఫీజు, ప్రాక్టికల్స్, అన్నీ మళ్లీ మొదట్నుంచి, కట్టిన ఫీజు వెనక్కి రావడం కూడా అనుమానమే. ఆ తిరుగుడులోనే నవంబర్ గడిచిపోతుంది. దానికంటే తేలికైన దారి నీ ఉత్తరంలోనే ఉంది, పిన్ని. హాస్టల్ మానేసి పిన్ని ఇంట్లో ఉండి డే స్కాలర్‌గా వెళ్లడం కుదురుతుందేమో అడగండి. హాస్టల్ ఫీజులో మిగిలిన కాలానికి తగ్గిస్తారా అని కూడా అడగండి, అడగందే ఎవరూ తగ్గించరు. రాత్రి ఇంటి తిండి, తలుపేసుకుని నిద్ర, ఆదివారం కాస్త మనుషులతో మాటలు, నీకిప్పుడు కావాల్సినవి ఇవే అని నాకు అనిపిస్తోంది. పిన్నికి ఇబ్బందవుతుందని నువ్వే ముందు తీర్మానం చేసేయకు, అడిగి చూడు. నీకు ఇంట్లో చోటివ్వడానికి ఆమెకు అభ్యంతరం ఉంటే ఆమే చెబుతుంది.

ఒక్క విషయంలో మాత్రం పైన చెప్పినదంతా పక్కన పెట్టేస్తాను. అన్నం సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం వారాల తరబడి ఉంటే, లేదా నేను లేకపోతేనే నయం అనే ఆలోచన ఒక్కసారైనా వచ్చి ఉంటే, ఆదివారం అసలు బయల్దేరొద్దు. అమ్మకు ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పు. టెలీ మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416, డబ్బులేమీ అక్కర్లేదు, రాత్రి పగలు ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఇంటర్ ఒక ఏడాది ఆలస్యమైతే ఏమీ కాదు, రాసుకోవచ్చు. అలాంటిదేమీ లేదు, ఉన్నది భయం, సిగ్గు, అలసట మాత్రమే అయితే మిగతాది కొనసాగిద్దాం.

ఇడుపులపాయ గురించి ఎక్కువ రాయను. అక్కడ సీటిచ్చేది టెన్త్ మార్కుల మీదే, గవర్నమెంట్ స్కూలు పిల్లలకు అదనపు స్కోరు కూడా కలుపుతారు, నీకు వచ్చి ఉండేదేమో. ఆ దారి మూసుకుపోయింది. మీ ఊళ్లో ఇప్పుడు టెన్త్ చదువుతున్న పిల్లలుంటే, వాళ్ల ఇంటికి వెళ్లి ఈ సంగతి చెప్పిరా, నీకు చెప్పేవాళ్లు లేకపోయారు, వాళ్లకైనా ఉంటారు.

ఇక నాయన. నువ్వు భయపడుతున్నది ఆయన కోప్పడతాడని కాదు, బాధపడతాడని. ఫీజు, వడ్డీ, టమోటా రేటు, ఇవన్నీ నీ మార్కుల పక్కన పెట్టుకుని లెక్కలు వేస్తున్నావు, మార్కు ఒక్కటి తగ్గితే ఆయన రక్తం పోయినట్టు. కిలో రూపాయికి పడిపోయి రోడ్డు పక్కన పారబోసిన ఏడు కూడా మీ నాయన మరుసటి కారుకు మళ్లీ నారు పోశాడు. పంట బాగా పండినా రేటు రాకపోవడమంటే ఏమిటో ఆయనకు నువ్వు నేర్పక్కర్లేదు. నీ మాట అర్థం చేసుకోవడానికి ఆయనకంటే తగిన మనిషి లేడు. ఆయనకు తెలియనిది ఈ పరీక్షల సంగతి, అంతే. ఆయన దృష్టిలో ఐఐటీ అంటే మంచి ఇంజనీరింగ్ కాలేజీ, ఉద్యోగం, కూతురు ఎండలో నిలబడకపోవడం. జేఎన్‌టీయూ అన్నా ఆయనకు అదే.

కాబట్టి ఏడుస్తూ "నాకు చేతకావడం లేదు నాయనా" అని మొదలుపెట్టకు, ఆయన కంగారుపడి "చేతనవుతుంది, చదువు" అంటాడు, మాట అక్కడితో అయిపోతుంది. సాయంత్రం ఆయన పొలం నుంచి వచ్చి, సంగటి తిని, కాస్త స్థిమితంగా కూర్చున్నాక, ఫస్టియర్ మెమో, నువ్వు రాసిపెట్టుకున్న ఆ ర్యాంకుల కాగితం తీసుకెళ్లి పక్కన కూర్చో. "నాయనా, బోర్డు పరీక్షలో నాకు 91 శాతం వచ్చింది. ఐఐటీ నాకు దూరం, ఎంసెట్ నాకు దగ్గర. అనంతపురం జేఎన్‌టీయూలో కిందటేడు ఈ ర్యాంకు దాకా సీటు ఇచ్చినారు. నేను దానికి చదువుతా. కాలేజీలో అందరి ముందు నిలబెడుతున్నారు, నువ్వొచ్చి ఒకసారి మాట్లాడాల. పిన్ని ఇంట్లో ఉండి పోతానని అడుగుదాం" అని చెప్పు. ఆయన మొదట మౌనంగా ఉండొచ్చు, అప్పు మాట ఎత్తొచ్చు, పక్కూరి వాళ్ల అబ్బాయితో పోల్చొచ్చు కూడా. కాగితం అక్కడే పెట్టి లేచి వచ్చెయ్, పొద్దున మళ్లీ మాట్లాడు. నోరు పెగలకపోతే ఈ జవాబే ఆయనకు చదివి వినిపించు, నీ ఉత్తరం కూడా.

ఆదివారం ఒక్కదానివే బస్సెక్కొద్దు, నాయనను వెంట తీసుకుని పో. ఆరోజు ఆఫీసులో ప్రిన్సిపాల్ ఉండకపోవచ్చు, అందుకని రాత్రికి ఇద్దరూ పిన్ని ఇంట్లో దిగి, సోమవారం పొద్దున స్టడీ అవర్ మొదలవకముందే ఆయన్ని కలవండి.